పేదల పేటలలో గృహపారిశుద్ధ్యము

(వార్షిక మహాసభ రెండవ దినమున చేసిన యుపన్యాసము)

  

ఈ మహాసభలో ప్రసంగింపుమని ఆహ్వానసంఘమువారు నాకు వ్రాసినప్పుడు, సంస్కృతము చదివిన పంతులు గనుక మార్కండేయోపాఖ్యానమునో, మన కులోత్పత్తి ప్రకరణమునో యెత్తుకొందునని తలంచియుందురు. ఆ విషయములను నాకంటె సమర్థముగా చెప్పగల పెద్దలు ఈ వేదికమీదనే యున్నారు. నేను మాటలాడబోవునది మరుగుదొడ్డిని గూర్చియు, త్రాగునీటి పాత్రను గూర్చియు, సందులోని మురికికాలువను గూర్చియు. ఈ మాట విని ముందు వరుసలోని కొందఱు సోదరులు చిఱునవ్వు నవ్వుచున్నారు. స్త్రీలు కూర్చున్న వైపున మాత్రము ఎవరును నవ్వుట లేదు.

ఈ విషయమునే యెన్నుకొనుటకు కారణము కలదు. ఈ సాయంకాలము విషయనిర్ణయసభలో చర్చకు రానున్న తీర్మానములలో ఐదవది, మన సంక్షేమనిధినుండి కొంత సొమ్ము కేటాయించి “పట్టణములలోని పేద స్వకులస్థుల గృహములకు” మరుగుదొడ్లును మంచినీటి వసతులును కల్పింపవలెనని చెప్పుచున్నది. దానిని ప్రతిపాదించిన దాతలను మనసార అభినందించుచున్నాను. కల్యాణమండపమునకు మఱియొక అంతస్తు వేయుటకంటె ఇది మేలైన యాలోచన. కాని సొమ్ము వెచ్చించుటకు ముందు, ఇట్టి పేటలలో ఇంతకుమునుపు పనిచేసినవారు ఏమి చేసిరి, చేసినదానిలో ఏది ఫలించెను, ఏది ఫలింపలేదు అను సంగతి తెలిసికొనుట మన విధి. ఆ తీర్మానములోని రెండు మాటలు నాకు సమ్మతము కావు. అవి యేవో కడపట మనవి చేసెదను.

మన వారి స్థితి సభవారు ఎఱుగనిది కాదు. పట్టణమున పేద నేతగాని ఇల్లనగా ఒక్క గది. ఆ గదిలో సగము గుంటమగ్గము. మిగిలిన సగమున ఆసు, రాట్నము, పొయ్యి, పడక. మగ్గము గుంటలో కాళ్ళు పెట్టుకొని ప్రొద్దుననుండి ప్రొద్దుగ్రుంకువఱకు నేయువానికి నేలచెమ్మ యనగా నేమో వేఱుగ చెప్పనక్కఱ లేదు. ప్రక్కయింటి మురుగుగుంట తన గోడ నానుకొని యున్నచో ఆ నీరు మొదట చేరునది తన కాళ్ళయొద్దకే. షోలాపురము, భివండి, బొంబాయి, సూరతు మొదలగు తావులకు మిల్లులను, మరమగ్గములను నమ్ముకొని వలసపోయినవారిలో అనేకులు, చెంబు పట్టుకొని వరుసలో నిలుచుటతో దినము ప్రారంభించినవారే. చీకటి పడువఱకు ఆగవలసివచ్చునని పగలంతయు మంచినీళ్ళు త్రాగుట మానుకొనిన ఆడువారి సంగతి నేను చెప్పుటకంటె వారే చెప్పుట బాగుండును. ఇట్టి సభలలో వారిని మనము అడిగినది లేదు.

శుచి, శోకము అను రెండు మాటలును ఒకే ధాతువునుండి పుట్టినవని వ్యాకరణము చదివినవారికి తెలియును. శబ్దశాస్త్రమున ఇది యొక చిన్న విశేషము. విరేచనములతో బిడ్డను పోగొట్టుకొనిన తల్లికి ఆ చుట్టఱికమును వివరింప నక్కఱలేదు. శౌచమును మన పూర్వులు బాహ్యమనియు ఆభ్యంతరమనియు రెండు విధములుగ చెప్పిరి. కాలక్రమమున బాహ్యశౌచము మడిగా మారినది. మడిబట్ట నెవరును తాకరాదు. కాని ఆ బట్ట కట్టుకొని వండిన యన్నమునకు నీరు ముంచిన బిందెలో అంతకుముందు ఎవరి చేయి మునిగినదో ఎవరును అడుగరు. తెల్లవాఱగనే వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టి, ఊడ్చిన చెత్తను ఎదురింటివైపునకు నెట్టుదుము. మన శౌచము వాకిలియొద్ద ఆగిపోయినది. ఆవల నున్నదంతయు మునిసిపాలిటీవారి సొత్తు. లేదా, మనము పేరుపెట్టి పిలువని వేఱొక కులమువారి పని.

ఇక పరిశోధనల మాట. పరిశోధన యనగా ప్రయోగశాలలోని గాజునాళములు మాత్రమే కాదు. ఒకే విధమైన రెండు పేటలను తీసికొని, ఒకదానిలో ఒక్క మార్పు చేసి, రెండవదానిలో చేయక, వారమువారము ఇంటింటికి పోయి ఎందఱు బిడ్డలకు విరేచనములైనవో లెక్క వ్రాసికొనుటయు పరిశోధనయే. తర్కము చదివినవారికి అన్వయవ్యతిరేకములని చెప్పిన చాలును: ఇది యున్నచో అది యుండుట, ఇది లేనిచో అది లేకుండుట. ఈ లెక్క లేనియెడల మనకు మిగులునవి మన యిష్టానిష్టములును, మేస్త్రి చెప్పిన మాటయు మాత్రమే.

కలరా కథలో కలకత్తా నగరమునకు ప్రత్యేకస్థానము కలదు. జర్మను వైద్యుడు రాబర్టు కోహ్ ఆ నగరమునకు వచ్చి, 1884లో రోగుల ప్రేవులలోనేగాక వారు వాడిన చెఱువునీటిలో కూడ కలరా క్రిమిని చూపెను. 1959లో ఆ నగరమునందే శంభునాథ డే అను వంగ వైద్యుడు, ఆ క్రిమి విడుచు విషమే ప్రేవులలోనికి నీటిని తోడివేయునని నిరూపించెను. ఆ నగరమునుండియే వచ్చిన మూడవ పని యొకటి 1986లో ప్రపంచారోగ్యసంస్థవారి పత్రికలో వెలువడినది. మొదటి రెండిటివలె దానికి కీర్తి రాలేదు. మనబోటి యిండ్లకు మాత్రము అదియే ముఖ్యము.

వారు చేసినది ఇది. కలకత్తా మురికివాడలలో కలరా సోకిన మనిషి యున్న ఇండ్లను తీసికొనిరి. కొన్ని ఇండ్లలో త్రాగునీటికి క్లోరిను కలుపు ఏర్పాటు చేసిరి. మఱికొన్ని ఇండ్లకు అచ్చటివారు ‘సొరాయి’ యని పిలుచు సన్నమెడ మట్టికూజాల నిచ్చిరి. మిగిలిన ఇండ్లవారు మునుపటివలెనే నీరు నిలువచేసికొని త్రాగుచుండిరి. అటుపిమ్మట ఇంటిలోని తక్కినవారికి క్రిమి ఎంతవఱకు ప్రాకినదో పరీక్షించిరి. మార్పు చేయని ఇండ్లలో నూటికి 17.3 మందికి సోకినది. క్లోరిను కలిపిన ఇండ్లలో 7.3. కూజా వాడిన ఇండ్లలో 4.4.

మందుకంటె కూజా మేలైనది! ఎందుచేత? కొళాయిలో వచ్చునప్పుడు నీరు మంచిదే కావచ్చును. అది బిందెలో పడిన పిదప, పిల్లవాడు గ్లాసు ముంచును. గ్లాసుతోపాటు నాలుగు వ్రేళ్ళును మునుగును. ఆ వ్రేళ్ళు అంతకుముందు ఎచ్చటనుండి వచ్చినవో దేవునికెఱుక. కూజా మెడలో చేయి పట్టదు, వంచి పోసికొనవలసినదే. అంతే. దీనికి విద్యుచ్ఛక్తి అక్కఱలేదు, చందా కట్టనక్కఱలేదు, చదువుకూడ అక్కఱలేదు. ఇది కలరా వచ్చిన ఇండ్లలోని లెక్క గనుక, ఊరంతటికిని రోగములన్నిటికిని ఇదే నిష్పత్తి వర్తించునని చెప్పరాదు. క్లోరిను వ్యర్థమనియు చెప్పరాదు. నీరు వచ్చుచోటనే చెడియున్నచో కూజా ఏమి చేయగలదు? అయినను, ఇంత చవుకగా ఇంత ఫలమిచ్చిన వస్తువు మఱియొకటి నాకు కనబడలేదు. ఇప్పుడు మన ఇండ్లలో కూజా వేసవి ముచ్చటగా మిగిలినది. ఇరువది లీటర్ల డబ్బానీళ్ళను రొక్కమిచ్చి కొని, ఆ నీటిని వెడల్పుమూతి బిందెలో పోసి, మరల గ్లాసుతో ముంచుకొను ఇండ్లను నేను చాల చూచితిని. కూజా దొరకనిచో, మూతయు క్రింద కొళాయియు గల ఏ పాత్రయైనను సరియే; చేయి లోపలికి పోకుండుటయే ముఖ్యము.

చేతిమాట వచ్చినది గనుక కరాచీ నగరమున జరిగిన పనిని చెప్పెదను. అచ్చటి ఆక్రమిత పేటలలో 2002 ఏప్రిలు మొదలుకొని ఒక సంవత్సరముపాటు స్టీఫెన్ లూబీ అను అమెరికను వైద్యుడును ఆయన సహచరులును పనిచేసిరి. కొన్ని పేటలలో ఇంటింటికి సబ్బు నిచ్చి, చేతులు కడుగుకొనవలసిన వేళలను వారమువారము పోయి చెప్పిరి. కొన్నిటిలో అట్లు చేయలేదు. 2005లో లాన్సెట్ అను వైద్యపత్రికలో ఫలితము వెలువడినది. సబ్బు వాడిన ఇండ్లలో, పదునైదేండ్లలోపు పిల్లలకు విరేచనములు 53 శాతము తగ్గినవి. ఐదేండ్లలోపు బిడ్డలకు న్యుమోనియా కూడ సగమునకు తగ్గినది. క్రిమిసంహారక ద్రవ్యము కలిపిన ఖరీదైన సబ్బును, సామాన్యపు సబ్బును వేఱువేఱు ఇండ్లకిచ్చి చూచిరి. రెండిటికిని తేడా లేదు. ఈ పనికి ధనమిచ్చినది సబ్బు తయారుచేయు సంస్థయే యని దాచకుండ చెప్పుచున్నాను. వారి సొమ్ముతో చేసిన లెక్కయే వారి ఖరీదైన సబ్బు అక్కఱలేదని తేల్చినది! ఈ సంగతిని టెలివిజనులో ప్రకటనలు చూచి మోసపోవు మన గృహిణులు గమనింపగోరెదను.

కాని ఆ ఫలము వారమువారము ఇంటికి వచ్చి కూర్చుండి చెప్పిన మనిషి యుండుటవలన వచ్చినది. సబ్బు పంచి ఛాయాచిత్రము తీయించుకొని వెడలిపోయిన సంఘములకు అది రాదు. పంచిన సబ్బును పెట్టెలో దాచి పండుగనాడు తీయు తల్లులను నేనెఱుగుదును. మఱియొక సంగతి. పసిబిడ్డ మలమునకు దోషము లేదను నమ్మకము మనలో బలముగా నున్నది. పసిబిడ్డలే తఱచుగ విరేచనములతో బాధపడుదురు గనుక ఆ మలములోనే రోగక్రిములు మెండు. దానిని కాగితములో చుట్టి కాలువలో విసరుట, ఎదురింటి బిడ్డకు పంపుటయే.

ఇంతవఱకు ఇంటిలోని సంగతి. ఇక మరుగుదొడ్డి. ఇచ్చట కథ ఇంత సుళువుగా లేదు. తీర్మానమును ప్రతిపాదించిన పెద్దలు ముఖ్యముగ విననెంచవలసినది ఇదియే.

ఆఫ్రికా ఖండములోని మొజాంబికు దేశపు రాజధాని మపూటో. అచ్చటి పేదపేటలలో కొన్ని కుటుంబములు కలిసి ఒక వాకిట నివసించుచు, ఒకే పాడుగుంటను పంచుకొనుచుండెడివి. కొన్ని వాకిళ్ళలో ఆ గుంటలను తీసివేసి, నీరుపోసెడి మంచి మరుగుదొడ్లను ట్యాంకులతో సహా కట్టిరి. బిడ్డల మలమును మొదటను, ఏడాదికిని, రెండేండ్లకును పరీక్షించి, మార్పు చేయని వాకిళ్ళలోని బిడ్డలతో పోల్చిరి. 2021లో వెలువడిన ఫలితము చాలమందిని నిరుత్సాహపఱచినది. మొత్తముమీద ప్రేవుల రోగక్రిములలో చెప్పదగిన తగ్గుదల కనబడలేదు. కట్టిన తరువాత ఆ వాకిళ్ళలో పుట్టిన బిడ్డలలో మాత్రము రక్తవిరేచనములు కలిగించు షిగెల్లా క్రిమి సుమారు సగమును, ఒక జాతి నులిపురుగులు సుమారు మూడు పాళ్ళును తగ్గినవి.

బ్రెజిలు దేశమున సాల్వడారు నగరమున వేఱొక విధముగ చేసిరి. వాకిలి వాకిలిగా గాక, నగరమంతటను మురుగుగొట్టములు వేసిరి. మంచి మురుగువసతి గల ఇండ్లు నూటికి 26 ఉన్నవి 80కి పెరిగినవి. మూడేండ్లలోపు బిడ్డలలో విరేచనములు నగరమంతటిమీద సుమారు ఐదవవంతు తగ్గెననియు, మొదట మిక్కిలి హీనస్థితిలో నున్న పేటలలో 43 శాతము తగ్గెననియు 2007లో ప్రకటించిరి. ఈ రెండు నగరములను ఒకే త్రాసులో తూచరాదు. కాలము వేఱు, కొలత వేఱు. అయినను, మపూటోలో బాగుపడినవి కొన్ని వాకిళ్ళు. చుట్టునున్న పేట మునుపటివలెనే యుండెను. బిడ్డ వాకిలి దాటి ఆడుకొనును. ఈగ దాటును. వానకాలపు నీరు దాటును. సాల్వడారులో పేట పేటయే మాఱినది; అన్నిటికంటె హీనముగ నున్నవారికి అన్నిటికంటె ఎక్కువ మేలు కలిగినది.

మన పట్టణముల సంగతి చూడుడు. 2011 జనగణన ప్రకారము మన దేశపు పట్టణకుటుంబములలో మురుగుగొట్టములకు కలిపిన మరుగుదొడ్లు గలవి నూటికి 32.7. సెప్టిక్ ట్యాంకు గలవి 38.2. అనగా మన పట్టణములు గొట్టములకంటె ట్యాంకులమీదనే ఎక్కువగ ఆధారపడినవి. ఆ ట్యాంకులనబడునవి ఎట్టివి? సరియైన ట్యాంకునకు అడుగు గట్టిగ నుండవలెను, లోపల అడ్డుగోడ యుండవలెను, తేరిన నీరు ఇంకుడుగుంటలోనికి పోవలెను, రెండు మూడేండ్ల కొకసారి మడ్డి తీయింపవలెను. మన వీధులలో చాలచోట్ల అడ్డుగోడ లేదు, ఇంకుడుగుంట లేదు. గొట్టము తిన్నగ వీధికాలువలోనికి పోవును. నిండి పొరలువఱకు మడ్డి తీయింపరు. పైన తెల్లని పలకలు పఱచిన గది, క్రింద తెఱచిన కాలువ! మన కులస్థుల భవనములలో కూడ ట్యాంకు గొట్టము వీధిలోనికి విడిచినవి రెండు చూచితిని. పేరు చెప్పను, సంబంధించినవారు ఈ సభలో నున్నయెడల వారికే తెలియును.

చోటున్నచోట రెండుగుంటల పద్ధతి మంచిది. సులభ్ సంస్థను 1970లో స్థాపించిన బిందేశ్వర్ పాఠక్ గారు (1943-2023) దీనిని దేశమంతట వ్యాపింపజేసిరి. పళ్ళెము ఏటవాలుగ నుండును గనుక ఒకటిన్నర రెండు లీటర్ల నీరు పోసిన చాలును. ఇటుకల నడుమ సందులు విడిచి కట్టిన గుంటలు రెండు. ఒకటి నిండువఱకు దానిని వాడి, పిమ్మట దానిని మూసి రెండవదానికి మార్పవలెను. రెండేండ్లు మూసియుంచినచో మొదటి గుంటలోనిది వాసన లేని మన్నగును. దానిని తీయుటకు ఏ మనిషియు రొచ్చులో దిగనక్కఱలేదు. అందుచేతనే ఆ పద్ధతి గొప్పది. అయితే మేస్త్రులు రెండు గుంటలకును ఒకేసారి నీరు పోవునట్లు గొట్టమును తెఱచి విడిచిపెట్టిన తావులు కలవు. అప్పుడు రెండును కలిసియే నిండును, ప్రయోజనమంతయు చెడును. నీరు పైపైననే యుండు నేలలలోను, బావి దగ్గఱగ నున్నచోటను ఇది తగదు. మన నేతపేటలలో అనేక గృహములకు ఒక గుంటకే చోటు లేదు. పంతముపట్టి రెండు త్రవ్వినచో మగ్గము గుంటలోనికే ఊట వచ్చును. అట్టిచోట సందుకంతకు కలిపి గొట్టమే గతి.

ట్యాంకులు తీయువారి మాట చెప్పక ముందునకు పోరాదు. పాకీపనిని నిషేధించు చట్టము 1993లో వచ్చినది. 2013 చట్టము, రక్షణపరికరములు లేకుండ మనిషిని ట్యాంకులోను మురుగుగొట్టములోను దింపుటను నేరము చేసినది. అట్లు చనిపోయినవారి కుటుంబమునకు పది లక్షల రూపాయలీయవలెనని సుప్రీముకోర్టు 2014లో చెప్పినది. 2023లో దానిని ముప్పది లక్షలు చేసినది. అయినను మనుష్యులు దిగుచునే యున్నారు. దింపువారు మనవంటి గృహస్థులే. లోపల నుండు విషవాయువు మొదట కుళ్ళిన గ్రుడ్డు వాసన వేయును. ఎక్కువైనపుడు ముక్కునకు వాసన తెలియుశక్తియే పోవును. వాసన లేదు గనుక ప్రమాదము లేదనుకొని దిగినవాడు లేవడు. వానిని తీయుటకు దిగిన తమ్ముడును లేవడు. దీపము వ్రేలాడదీసి, ఆరలేదు గనుక గాలి మంచిదనుట మూఢత్వము. ఆ విషవాయువు చంపుటకు దీపమారనక్కఱ లేదు. మన వాడుకలో మడికట్టుకొనుట యని దేనిని గొప్పగ చెప్పుకొందుమో, దాని రెండవ ముఖము ఇదియే: ఇంకొకని ఊపిరితో మన వాకిలి శుభ్రము.

దీనికి మార్గము లేకపోలేదు. మనవారు మెండుగ నున్న వరంగల్లు నగరమునందే, 2016లో నగరపాలకసంస్థవారు హైదరాబాదు అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీవారి సహాయముతో ట్యాంకుల మడ్డి విషయమున నియమములు చేసిరి. దేశమున ఇట్టి నియమములలో మొదటివానిగ వానిని చెప్పుదురు. మడ్డిని లారీయంత్రముతో పీల్చుట, ఆ లారీలకు అనుమతిపత్రములుండుట, తీసిన మడ్డిని చెఱువుగట్టునో పొలమునో పాఱబోయక శుద్ధిచేయు తావునకు చేర్చుట అను క్రమము ఏర్పడినది. పిమ్మట శుద్ధికేంద్రమును నెలకొల్పిరి. లారీ సందులోనికి రాలేనిచోట ఏమి చేయవలెనను ప్రశ్న మాత్రము మిగిలియున్నది. మన పేటలు ఎక్కువగ అట్టివే.

ఆ ప్రశ్నకు ఒక సమాధానము కరాచీ నగరపు ఓరంగీ పేటలో దొరికినది. అఖ్తర్ హమీద్ ఖాన్ (1914-1999) అను నాయన తెల్లదొరల కాలమున ఐ.సి.యస్. ఉద్యోగము చేసి, దానిని విడిచినవాడు. 1980లో ఓరంగీకి వచ్చి, వెంటనే ఏమియు కట్టక, కొన్ని నెలలు తిరిగి జనులతో మాటలాడెను. మురుగునీరు మా ప్రధానకష్టమని అందఱును చెప్పిరి. ప్రభుత్వము ఉచితముగ చేయునని అందఱును కనిపెట్టుకొని యుండిరి. ఆయన పనిని రెండుగ విభజించెను. ఇంటిలోని దొడ్డియు, సందులోని గొట్టమును జనుల వంతు. పెద్దకాలువయు శుద్ధియు ప్రభుత్వపు వంతు. సందనగా ఇరువది ముప్పది ఇండ్లు. ఆ ఇండ్లవారు తమలో ఒకరిని పెద్దగ నెన్నుకొని, తమ చందాలను తామే వసూలుచేసికొని, తమ గొట్టమును తామే వేసికొనవలెను. సంస్థ ఒక్క రూపాయియు ఈయదు. పటము, మట్టము, అంచనా, అచ్చులు, పనిముట్లు, మేస్త్రికి శిక్షణ మాత్రమే ఇచ్చును. గుత్తదారుని లాభము పోయెను, అచ్చులను తేలికచేసిరి. ఖర్చు ప్రభుత్వపు అంచనాలో కొద్దిపాటి భాగమునకు దిగెను. క్రమముగ సుమారు లక్ష ఇండ్లకు గొట్టములు చేరినవి. మొదటి సందుల మురుగు తెఱచిన వాగులలోనికే పోయెడిది. ఆ లోపము ఉండినది, పెద్దకాలువల పని వెనుకబడియే నడచినది. ఆయన తరువాత ఆ పనిని నడపిన పర్వీన్ రహమాను 2013లో హత్యకు గురియైనది. పేదల నేలను, కాలువలను పటములలో గుర్తించుట కొందఱికి కంటగింపు.

మహాజనులారా! ఓరంగీలో నివసించువారు ఒక్క జాతివారు కారు. దేశవిభజనలో వచ్చినవారు, పఠానులు, పంజాబీలు, బిహారీలు కలిసియుందురు. 1986లో వారిలో వారికి కలహములు పుట్టి నెత్తురు పాఱినది కూడ. అట్టిచోట సందు ఎట్లు కలిసినది? గొట్టమునకు వాలు కావలెను గనుక. ఎగువయింటి నీరు దిగువయింటి ముందునుండియే పోవలెను. నడుమ నొక ఇల్లు చేరనన్నచో, పడుగులో పోగు తెగినట్లు అచ్చటనే ఆగిపోవును.

ఇప్పుడు తీర్మానములోని రెండు మాటలకు వచ్చితిని. “స్వకులస్థుల గృహములకు” అను మాటలు. మన పట్టణములలో ఏ సందును చూచినను, ఇరువది ఇండ్లున్న పండ్రెండు మనవి కావచ్చును. మిగిలినవి రజకులవి, ముస్లిములవి, దళితులవి, మఱియొకరివి. ఆ పండ్రెండింటికి మాత్రము దొడ్లు కట్టించి, ఎనిమిదింటిని విడిచితిమేని, మనము చేసినది మపూటో వాకిళ్ళ పనియే. మన బిడ్డలు ఆ యెనిమిది వాకిళ్ళ ముందు ఆడరా? ఆ యెనిమిది ఇండ్ల నీరు వానకాలమున మన మగ్గము గుంటలోనికి రాదా?

నిధికి సొమ్మిచ్చినవారు కులమునకై ఇచ్చిరి గాని ఊరికై ఇయ్యలేదని ఒక పెద్దమనిషి నిన్న నాతో ననిరి. వారి మాటను నేను తేలికగ తీసివేయను. ఒకరిచ్చిన సొమ్మును వారి యుద్దేశమునకే వాడుట న్యాయము. కాని వారి యుద్దేశము మన బిడ్డలు బ్రతుకుటయేనా, కాదా? బ్రతుకుటయే యైనచో దానికి మార్గము సందుగుండనే పోవుచున్నది. ఇతరులకు ఉచితముగ కట్టించుమని నేను కోరుటలేదు. ఓరంగీలోవలె ప్రతి యింటికిని వాటా; వాటా ఈయలేని ఇంటికి, అది ఏ కులమువారిదైనను, నిధినుండి వడ్డీలేని బదులు. పెద్దకాలువకును శుద్ధికిని మునిసిపాలిటీవారినే నిలదీయవలెను. అది మన చందాతో చేయవలసిన పని కాదు.

పని ఆరంభించు క్రమమును గూర్చి నాలుగు మాటలు. మొదట ఒకే పట్టణములో పోలికగల రెండు సందులను తీసికొందము. ఒకదానిలో ఈ యేడును, రెండవదానిలో వచ్చు ఏడును పనిచేయుదము. ఏ సందు ముందన్నది చీటివేసి తేల్చుదము. అట్లయిన ఎవరి సిఫారసునకును తావుండదు. హైస్కూలు చదువు ముగించిన పిల్లలు ఇద్దఱు రెండు సందులలోను వారమువారము తిరిగి, ఏ ఇంట ఏ బిడ్డకు ఎన్నిదినములు విరేచనములైనవో పుస్తకమున వ్రాయవలెను. ఇల్లాండ్రను అడుగవలసిన ప్రశ్నలను నేను సిద్ధపఱచితిని: నీరు దేనిలో నిలువయుండును, దేనితో తీయుదురు, సబ్బు ఎచ్చటనుండును, పసిబిడ్డ మలమును ఏమిచేయుదురు, ట్యాంకు గొట్టము ఎచ్చటికి పోవును, కడపట దానిని ఎవరు తీసిరి, ఎట్లు తీసిరి. సందుపెద్దగ స్త్రీని ఎన్నుకొనుట మేలని నా యభిప్రాయము. నీరు మోయువారికి నీటి లెక్క తెలియును. మన భవనములలోని ట్యాంకులను ముందుగ సరిచేసికొని పిమ్మట ఇతరుల యిండ్లకు పోవుదము.

కనుక ఐదవ తీర్మానమునకు ఈ సవరణను ప్రతిపాదించుచున్నాను: “పేద స్వకులస్థుల గృహములకు” అను మాటలను తీసివేసి, “మనవారు నివసించు సందులలోని గృహములన్నిటికిని” అని చేర్చవలెను, “నిధిసహాయముతో కట్టిన ఏ ట్యాంకులోనికిని మనిషిని దింపరాదు” అను వాక్యమును దానిక్రింద చేర్చవలెను. సవరణ ప్రతిని, ప్రశ్నల పట్టికతోకూడ కార్యదర్శిగారి కిచ్చియున్నాను. బలపఱచువారు సాయంకాలము నాలుగు గంటలలోపల వారియొద్ద సంతకము చేయగోరెదను.